కాదమ్మ అవునన్న నాణెం

ఆవిడని ఆ వీధిలో తాళాలమ్మ అంటారు. నాణేలు పోగుచేసేవాళ్లు మాత్రం కాదమ్మ అంటారు, అదీ చాటుగా. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసీ నవ్వుకునేది. "మా అమ్మానాన్నా ముచ్చటపడి పెట్టిన పేరొకటుంది. దాంతో పిలిచేవాళ్లు మా చెల్లెలు తప్ప ఎవరూ మిగల్లేదు. అదీ కోపం వచ్చినప్పుడే పిలుస్తుంది. ఏదో ఒక పేరుతో పిలుస్తున్నారుగా, అదే పదివేలు" అనేది.

బస్టాపు ఎదురుగా ఉన్న మేడ మెట్ల కింద కాస్త ఖాళీ ఉంటే, దానికి తలుపు బిగించి కొట్టు చేశాడు ఆవిడ భర్త. నిలబడితే తల మెట్లకి కొట్టుకుంటుంది, కూర్చుంటే మోకాళ్లు బల్లకి తగులుతాయి. గోడ నిండా మేకులకి వేలాడే, ఇంకా పళ్లు పడని తాళంచెవులు. బల్ల మీద వాటిని అరగదీసే మిషను, మెడ వంచితే వంగే దీపం, పక్కన ఆకురాళ్లు. భర్త ఉన్నరోజుల్లో ఆవిడ మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, ఆయన తింటున్నంతసేపూ మిషను ముందు కూర్చునేది. అలా కూర్చుని కూర్చుని పని పట్టుబడింది. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయాక కొట్టు ఎవరికైనా ఇచ్చెయ్యమని చాలామంది చెప్పారు. "ఇస్తా, ఇస్తా" అంటూనే మర్నాడు పొద్దున్నే తలుపు తీసేది. పెళ్లి చేసుకోని చెల్లెలు వచ్చి ఆవిడకి తోడుగా ఉండిపోయింది. చెల్లెలు ఇంట్లో కూర్చుని బట్టలు కుడుతుంది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

నాణేల పిచ్చి మధ్యలో అంటుకుంది. పాత నాణేలమ్మే పెద్దాయన ఒకాయన తన అద్దాల పెట్టె తాళంచెవి పోగొట్టుకుని ఆవిడ దగ్గరకి వచ్చాడు. ఆవిడ కంటికి భూతద్దం ఆనించి తాళం లోపలికి చూడటం గమనించి, "ఆ అద్దంతో ఇది కూడా ఓసారి చూడండి" అని ఒక నాణెం చేతిలో పెట్టాడు. సంవత్సరం అంకెలు ఒక్కొక్కటీ జంటగా ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి దాక్కున్నట్టు.

"నాణెం మీద బొమ్మ వెయ్యడానికి ఉక్కు అచ్చు ఉంటుంది" అని చెప్పాడాయన. "ఆ అచ్చుని తయారుచేసేటప్పుడే బొమ్మని దాని మీద ఒకటికి రెండుసార్లు నొక్కేవాళ్లు. రెండోసారి వెంట్రుకవాసి పక్కకి జరిగిందా, అచ్చులోనే జంట పడిపోతుంది. ఇక ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జంట, అదే చోట. దీన్ని డబుల్ డై అంటాం. ఎక్కడో ఒకటి దొరుకుతుంది. దొరికితే మంచి ధర పలుకుతుంది."

"ఇది ఫోటో తీసి చూపిస్తే ఎవరైనా గుర్తుపడతారా?"

"ఫోటో దగ్గరే వస్తుంది చిక్కంతా. నాణెం తళతళలాడే వస్తువు. పక్కనుంచి దీపం పడితే అంకె అంచు మీద మెరుపు గీత ఒకటి పుడుతుంది. చూసేవాడు అదే జంట అనుకుంటాడు. దీపం జరిపితే ఆ గీత కూడా జరిగిపోతుంది. నిజమైన జంట జరగదు. దానికి ఒళ్లుంటుంది, ఎత్తుంటుంది. అక్షరం మూలల్లో చీలినట్టు నొక్కు కనిపిస్తుంది."

ఆ రోజునుంచి గల్లాపెట్టెలో పడ్డ ప్రతి నాణేన్నీ ఆవిడ భూతద్దం కింద పెట్టేది. తర్వాత పెద్దాయన ఆవిడని ఫోన్లో ఒక గ్రూపులో చేర్చాడు. అందులో అందరూ నాణేలని దగ్గరగా ఫోటో తీసి పెట్టి, ఇది డబుల్ డైనా అని అడుగుతుంటారు. ఆవిడ ఎవరు అడిగినా ఒకటే చెప్పేది: దీపం ఎడమన పెట్టి ఒకటి తియ్యండి, కుడిన పెట్టి ఒకటి తియ్యండి, నాణేన్ని తిప్పి ఇంకోటి తియ్యండి. అవి వచ్చాక నూటికి తొంభైతొమ్మిది సార్లు జవాబు "కాదండీ."

ఒకాయన పంపిన ఫోటోలో అంకె జంటగా ఉంది, నాణెం మీది గీతా జంటగా ఉంది, నాణేన్ని పట్టుకున్న బొటనవేలి గోరు కూడా జంటగానే ఉంది. "కాదండీ, మీ చెయ్యి కదిలింది" అని రాసింది. "అయితే ఇది అరుదైనది కాదా?" అని ఆయన వదల్లేదు. "రెండు గోళ్లున్న బొటనవేలు అరుదైనదేనండీ. నాణెం మాత్రం మామూలుదే" అంది. కాదమ్మ అనే పేరు ఆ తర్వాతే స్థిరపడింది. కాదన్నా ఎవరూ నొచ్చుకునేవాళ్లు కాదు. ఆవిడ ఎప్పుడైనా అవునంటే ఆ అవునుకి అంత విలువ.

ఇది ఇలా ఉండగా ఆవిడ కుడికన్ను మసకబారడం మొదలుపెట్టింది.

మొదట వీధి దీపాల చుట్టూ గుండ్రంగా వెలుగు పరుచుకున్నట్టు కనిపించింది. కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత మిషను దగ్గర దీపం చాలదనిపించి పెద్ద బల్బు వేయించింది. అది వేశాక వెలుతురు పెరిగింది, చూపు పెరగలేదు. చేసిచ్చిన తాళంచెవులు తిరగడంలేదని ఒకరిద్దరు వెనక్కి తెచ్చారు. ఈమధ్య వచ్చే ఇత్తడి బాగుండటంలేదని సర్దిచెప్పింది. చెల్లెలు సూదిలో దారం ఎక్కించమంటే, "నీకు చేతులు లేవా?" అని కసిరింది. చెల్లెలు వింతగా చూసి, తనే ఎక్కించుకుంది.

ఎవరికీ చెప్పకపోవడానికి కారణం ఉంది. వాళ్లమ్మకి వెనకటి రోజుల్లో కంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పాక ఆ కంటికి చీకటి తప్ప ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని నడిపించింది పెద్దకూతురైన ఈవిడే. ఆసుపత్రి అనే మాట వినగానే ఆ చెయ్యి బరువు గుర్తొచ్చేది ఆవిడకి.

గ్రూపులో ఒక బ్యాంకు ఉద్యోగిని తన నాణెం ఫోటోలు పెట్టింది. అడిగినట్టే మూడువైపులా తీసింది. కాదమ్మ చూసి, మెరుపేనని రాసేసింది. కాసేపటికి ఇంకొకరు ఆ అంకె మూలని పెద్దదిగా చేసి పెట్టారు. మూలలో నొక్కు స్పష్టంగా ఉంది. అందరూ అది నిజమైనదేనని తేల్చారు. పెద్దాయన కూడా "అవును" అని ఒక్కమాట రాశాడు. కింద ఎవరో, "కాదమ్మగారికి అన్నీ కాదుగానే కనిపిస్తాయి. అద్దాలు మార్పించండి ఎవరైనా" అని రాసి, పకపక నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు.

ఆ బొమ్మలు మాత్రం ఆవిడకి బాగానే కనిపించాయి. ఆ రోజు తిండి సయించలేదు. చెల్లెలు ఏమైందని అడిగితే కడుపులో బాగాలేదంది.

మర్నాడు రంగుల కొట్టాయన దగ్గర్నుంచి ఫోటో వచ్చింది.

రంగుల కొట్టు అదే వీధి మొదట్లో ఉంటుంది. దాన్ని పెట్టిన ముసలాయన ఈవిడ భర్తకి స్నేహితుడు. ఆయన ఈమధ్యే పోయాడు. ఇప్పుడు కొడుకూ కూతురూ కలిసి నడుపుతున్నారు. కూతురు పెద్దది, రంగులు కలపడంలో దిట్ట. గోడ పెచ్చు ముక్క తెచ్చి చూపిస్తే చాలు, అదే రంగు డబ్బాలో దింపుతుంది. తమ్ముడు గల్లా దగ్గర కూర్చుని బేరాలు చూసుకుంటాడు. కొట్టు మీదే ఇల్లు. ఒకవైపు వాటాలో తమ్ముడి కాపురం, రెండోవైపు అక్క ఒక్కతే. రెండు వాటాలకీ మధ్య ఒక తలుపు, అది ఎప్పుడూ తెరిచే ఉండేది. తండ్రి దాచుకున్న పాత నాణేల డబ్బా ఒకటి దొరికితే, తమ్ముడే, "అక్కా, కళ్లు మూసుకుని చెరో గుప్పెడు తీసుకుందాం, నాన్న గుర్తుగా ఉంటాయి" అన్నాడట. ఇద్దరూ అలాగే నవ్వుకుంటూ తీసుకున్నారట.

"పిన్నీ, ఇది నా గుప్పెట్లో వచ్చింది. కాస్త చూసి చెప్పు" అని రాశాడు తమ్ముడు.

ఒకే ఒక్క ఫోటో. గల్లా మీది దీపం కింద తీసినట్టున్నాడు. ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. అంకెల పక్కన ఇంకో అంచు. దూరంగా పెట్టి చూసింది, అప్పుడూ ఉంది. మిగతా రెండు ఫోటోలూ అడగాలని వేలు అక్షరాల దాకా వెళ్లింది. అంతలో ఆ నవ్వే బొమ్మలు గుర్తొచ్చాయి. నిన్న ఉన్నదాన్ని లేదన్నాను, ఇవాళ ఉన్నదాన్ని ఉందనలేనా అనుకుంది. అడిగితే, చూపు ఆనడం లేదని తన నోటితో తనే ఒప్పుకున్నట్టనిపించింది.

"అవును నాయనా. నిజమైనదే" అని రాసి పంపింది. గ్రూపులో కూడా ఆ ఫోటో పెట్టి అదే మాట రాసింది. అడిగినవాళ్లకి నాణెం తను చూశానని చెప్పింది. చూసింది ఫోటోనే కదా, అబద్ధం కాదులే అని సరిపెట్టుకుంది. కాదమ్మ అవునందంటే మాటలా! ఎవరూ ఎదురు చెప్పలేదు.

కొన్నాళ్లకి రంగుల కొట్టాయన అక్క తాళాల కొట్టుకి వచ్చింది. గోళ్లలో ఎప్పుడూ ఉండే రంగు ఆ రోజు లేదు. కొట్టుకి వెళ్లడం మానేసినట్టు చేతులు చూస్తేనే తెలిసిపోతోంది.

"పిన్నీ, గట్టి తాళం ఒకటి కావాలి, తలుపుకి బిగించేది. చెవి ఒకటే ఇవ్వు."

"తాళంతో రెండు చెవులు వస్తాయమ్మా. ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది."

"రెండోది నువ్వే అరగదీసి పారెయ్. ఒక్కటే చాలు నాకు."

"ఏ తలుపుకి?"

"మా వాటాల మధ్య తలుపుకి."

కాదమ్మ చేతిలోని తాళం బల్ల మీద పెట్టేసింది. "ఏమైందే?"

"ఏమవుతుంది? నాన్న డబ్బాలో ఏముందో వాడికి ముందే తెలుసు. లేకపోతే కళ్లు మూసుకుందామని వాడెందుకంటాడు? కళ్లు మూసుకుంది నేనొక్కదాన్నే. సరే, ఆ మాట అడిగాను. తప్పా? ఎంతెంత మాటలన్నాడనుకున్నావ్! పెళ్లీ పెటాకులూ లేనిదానివి, పడి ఉండటానికి చోటిచ్చాం, ఇంకా వాటాలు కావాలా అన్నాడు. మరదలు వింటుండగా అన్నాడు." బల్ల మీది తాళాన్ని దగ్గరకి లాక్కుని, "నిన్నేమీ అనడంలేదు పిన్నీ. నువ్వు ఉన్నమాట చెప్పావు" అంది.

ఉన్నమాట. కాదమ్మ తాళం రేపు ఇస్తానని పంపేసి, కొట్టు మూసి, తిన్నగా రంగుల కొట్టుకి వెళ్లింది.

గల్లా దగ్గర తమ్ముడు ఎవరితోనో గొడవపడుతున్నాడు. పోయినసారి ఇచ్చిన రంగూ ఈసారి ఇచ్చిందీ కలవడంలేదని, సగం గోడ ఒకలా సగం ఒకలా అయిందని ఆ మనిషి కేకలేస్తున్నాడు. అతను వెళ్లేదాకా ఆవిడ డబ్బాల పక్కన నిలబడింది.

"నాయనా, ఆ నాణెం ఒకసారి చేతికియ్యి."

ఇచ్చాడు. భూతద్దం కుడికంటికి ఆనించి చూసింది. అంకె పక్కన నీడలాంటి అంచు ఉంది. దీపం అటు జరిపించింది, ఉంది. ఇటు జరిపించింది, అక్కడే ఉంది. ఒక్క క్షణం గుండె కుదుటపడింది. అప్పుడేం తోచిందో, గల్లాలోంచి మామూలు నాణెం ఒకటి అడిగి తీసుకుని చూసింది. దానికీ అదే అంచు. ఇంకోటి తీసుకుంది. దానికీ ఉంది. పక్కనున్న డబ్బా మీది అక్షరాలు చూసింది. వాటి పక్కనా అదే నీడ.

భూతద్దం ఎడమకంటికి మార్చింది. మామూలు నాణెం మామూలుగానే ఉంది. అతని నాణెం మీద అంకె అంచున సన్నటి మెరుపు ఒకటుంది. దీపం జరగగానే అది జారి అవతలి అంచుకి పోయింది. అంకె ఒంటరిగా, నున్నగా మిగిలింది.

"ఇది కాదు నాయనా" అంది. "ఫోటోలో ఉన్నది దీపం మెరుపు. నేనే పొరపాటు పడ్డాను. నా కన్ను బాగాలేదు."

అతను ఆవిడకేసి అదోలా చూశాడు. "అక్క పంపిందా నిన్ను?"

"నీ అక్కకి ఈ సంగతి తెలీదు. ఇదిగో, నువ్వే చూడు, దీపం జరుపుతూ చూడు."

"నాకేం తెలుస్తుంది పిన్నీ చూస్తే? నువ్వు చెబితేనే నమ్మాను. మొన్న అవునన్నావు, ఇవాళ కాదంటున్నావు. మధ్యలో అక్క నీ కొట్టుకి వచ్చింది, మా ఆవిడ చూసింది. ఇద్దరూ ఒకటై, ఇది పనికిరానిదని నా చేత అనిపిద్దామనా?"

ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయింది. అతను నాణేన్ని చొక్కా జేబులో వేసుకుని రంగు డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు.

కొట్టు పక్కనున్న మెట్లెక్కి అక్క వాటాకి వెళ్లింది. అక్కకీ అంతా చెప్పింది. మూడు ఫోటోలు అడగకపోవడం, నవ్వే బొమ్మలు, కన్ను, ఏదీ దాచలేదు. అక్క వింటూ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది.

"అయితే అది ఉత్తిదన్నమాట."

"ఉత్తిదేనమ్మా. నీ తమ్ముడు నిన్ను మోసం చెయ్యలేదు. వాడికీ ఏం తెలీదు."

"సరే. నేను వాణ్ణి అనకూడని మాటే అన్నాను. కానీ వాడన్న మాటలో? అవి నాణెంలోంచి రాలేదుగా పిన్నీ. వాడి కడుపులోంచి వచ్చాయి. ఎప్పట్నుంచి ఉన్నాయో!" అంది. ఆ తర్వాత, "తాళం మాత్రం రేపు ఇచ్చెయ్" అంది.

కాదమ్మ తాళం ఇచ్చింది. రెండో చెవిని మిషను మీద పెట్టి పళ్లన్నీ అరగదీసింది. తర్వాత గ్రూపులో రాసింది: "రంగుల కొట్టాయన నాణెం విషయంలో నేను తప్పు చెప్పాను. నాణేన్ని చూడకుండానే చూశానన్నాను. అది మెరుపే. నాకు కుడికన్ను సరిగ్గా కనిపించడంలేదు. నన్ను కొన్నాళ్లు ఏమీ అడగొద్దు." నవ్వే బొమ్మలు ఎవరూ పెట్టలేదు. అసలు ఎవరూ ఏమీ రాయలేదు. ఆవిడకి అదే ఎక్కువ కష్టమనిపించింది.

ఇంట్లో చెల్లెలికి చెప్పేసరికి చెల్లెలు కత్తెర కింద పెట్టి, ఆవిడ అసలు పేరుతో పిలిచింది. "కళ్లతో బతికేదానివి, కళ్ల జబ్బు దాచుకుంటావా? అమ్మకి జరిగింది నేను మాత్రం చూడలేదా? అప్పటి ఆసుపత్రి వేరు, ఇప్పటిది వేరు. పద."

"పోతే?"

"పోతే నేనున్నానుగా చెయ్యి పట్టుకోడానికి. సూదిలో దారం మాత్రం నేనే ఎక్కించుకుంటాలే."

డాక్టరమ్మ చూసి, శుక్లం బాగా ముదిరిందని, దీపాల చుట్టూ వెలుగూ అక్షరాలకి నీడలూ దానివల్లేనని చెప్పింది. "ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారమ్మా?" అని అడిగితే, "ఎడాపెడా తప్పులు చేస్తూ" అంది కాదమ్మ. డాక్టరమ్మ నవ్వింది. ఈవిడ నవ్వలేదు. ఆపరేషను బల్ల మీద పడుకున్నంతసేపూ ఆవిడకి తల్లి కన్ను గుర్తు రాలేదు. తాళం పడ్డ ఆ వాటాల మధ్య తలుపే గుర్తొచ్చింది.

కట్టు తీశాక చూపు వచ్చింది. కొట్టు తెరిచిన రోజు గోడ మీద పేరుకున్న ఇత్తడి రజను చూసి, ఇంత దుమ్ములో కూర్చున్నానా అని ఆశ్చర్యపోయింది. ఇదివరకు తిరగని తాళంచెవులు తెచ్చినవాళ్లని పిలిచి, కొత్తవి చేసిచ్చింది. గ్రూపులో మళ్లీ అడుగుతున్నారు. ఇప్పుడు ఫోటో చూసి అవునని ఎవరికీ రాయదు. నాణేన్ని పెద్దాయన దగ్గరకి తీసుకెళ్లమంటుంది.

చూపు వచ్చినా రంగుల కొట్టులో ఏదీ కుదుటపడలేదు. తమ్ముడు ఆ నాణేన్ని ఎవరికో చూపించుకున్నాడు, వాళ్లూ పెదవి విరిచారు. ఆ తర్వాత అతను కాదమ్మని ఏమీ అనలేదు, అలాగని అక్క దగ్గరకీ వెళ్లలేదు. అక్క బజారు అవతలి చివర ఇంకో రంగుల కొట్టులో పనికి కుదిరింది. పొద్దున్న వెళ్తూ తమ్ముడి కొట్టు ముందు తల తిప్పుకుని నడుస్తుంది.

కాదమ్మ ఇద్దరి దగ్గరకీ వెళ్తూనే ఉంది. రమ్మని ఇద్దరూ పిలవరు, పొమ్మని ఇద్దరూ అనరు. ఏం మాట్లాడాలో తెలీక స్టూలు మీద కాసేపు కూర్చుని వచ్చేస్తుంది. చెల్లెలు, "వాళ్లు వద్దనేదాకా వెళ్తావా?" అంటే, "వద్దనేదాకా వెళ్తా" అంటుంది.

ఒకరోజు అలా వెళ్తే తమ్ముడు ఒక అట్టముక్క మీద రంగు పూసి ఆరబెడుతున్నాడు. పక్కన మూడు డబ్బాలు పాడుచేసి పెట్టాడు. ఎవరో పాతకాలపు ఆకుపచ్చ అడిగారట, ఎంత కలిపినా రావడంలేదట. ఆవిడని చూసి అట్టముక్క కింద పెట్టాడు.

"పిన్నీ, నువ్వు అటువైపు వెళ్తావుగా."

"వెళ్తా."

"ఇది చూపించి, ఏం తక్కువైందో అడుగుతావా? నేనడిగానని చెప్పొద్దు."

అట్ట పట్టుకుని బజారంతా నడిచింది. అక్క ఆ ముక్కని వెలుతురులో పెట్టి ఒక్క చూపు చూసింది. ఎవరు పంపారని అడగలేదు.

"నీలం బోర్లించాడు వెధవ. పసుపు ముందు పొయ్యాలి. నీలం చుక్కలు చుక్కలుగా, కలుపుతూ వెయ్యాలి. ఎన్నిసార్లు చెప్పాను!" అంది. అట్ట తిరిగి ఇచ్చేసి తన పనిలో పడిపోయింది.

కాదమ్మ వెనక్కి వచ్చి అన్నీ చెప్పింది. వెధవ అన్నమాట కూడా విడిచిపెట్టలేదు. తమ్ముడు మూత తీసిన డబ్బాలోకి చూశాడు. "పసుపు ముందా?" అన్నాడు.

"పసుపు ముందు" అంది.

అతను కొత్త డబ్బా తీసి, పసుపు పోసి కలపడం మొదలుపెట్టాడు. ఆవిడ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.